వన్యమృగముల కూనలు - ఛాయాగ్రహణము

ఆఫ్రికా ఖండమునకు పోయి సింహపు కూనలను, ఏనుగు గున్నలను కన్నులార చూచి, వాని ఛాయాచిత్రములు తీసికొని రావలెనని ఉత్సాహపడువారు ఇప్పుడు మన పట్టణములలో అరుదు కారు. విశాఖపట్టణములోను, ఉక్కునగరములోను అట్టివారు కొందరు నాకు తెలియుదురు. ప్రయాణమునకు ముందు వారు అడుగు ప్రశ్నలు ఇంచుమించు ఒకటే. ఏ కెమెరా కొనవలెను? లెన్సు ఎంత పొడవైనది కావలెను? ఏ నెలలో పోవలెను? వీనికి సమాధానము చెప్పుట సులభము. కాని వారు అడుగని ప్రశ్న యొకటి ఉన్నది. కూన కనబడినప్పుడు మనము ఎచట నిలువవలెను, ఎంతసేపు నిలువవలెను? దీనికి సమాధానము తెలిసికొనుటకు కెన్యా వరకు పోవలసిన పని లేదు. మన కంబాలకొండ, మన సముద్రతీరము, ఉక్కునగరపు ఖాళీ స్థలములు చాలును. ఇచట ఈ పాఠము నేర్వనివాడు ఆఫ్రికాలో చేయు అపకారము చిన్నది కాదు. ఆ సంగతి లెక్కలతో సహా ముందు చెప్పెదను.

ఎదిగిన జంతువునకు కాళ్ల వేగమో, కొమ్ములో, కోరలో ఆయుధములు. పసికూనకు వీనిలో ఏదియు లేదు. దానికి ఉన్న రక్షణ కనబడకుండుట ఒక్కటే. ఛాయాగ్రాహకుడు చేయబోవునది దానిని కనుగొనుట. కనుక మన పనికిని, కూన బ్రతుకునకును మొదటినుండియు వైరుధ్యము ఉన్నది. ఎంత మంచి ఉద్దేశముతో పోయినను ఈ వైరుధ్యము పోదు. దానిని మరచి తీసిన చిత్రములకు కూన చెల్లించు మూల్యము చిత్రములో కనబడదు.

గొడ్లను కాచినవారికి ఈ విషయము క్రొత్తది కాదు. మేతకు పోయిన ఆవు బయలుననే ఈనినచో, దూడను పొదచాటున పరుండబెట్టి, తాను ఏమియు ఎరుగనట్లు దూరముగా మేయుచుండును. మేక కూడ ఇంతే. గొర్రె అట్లు కాదు. దాని పిల్ల లేచి నిలిచినది మొదలు తల్లి కాళ్లవెంటనే తిరుగును. అడవి జంతువులలోను ఈ రెండు తెగలు గలవు. ఒక తెగ పిల్లలు దాగును, వేరొక తెగ పిల్లలు వెంట నడచును. మన చుక్కల దుప్పి, కణుజు, కృష్ణజింక మొదటి తెగకు చెందినవి. తూర్పు ఆఫ్రికా మైదానములలోని వైల్డ్‌బీస్ట్ అను లేడి జాతి జంతువు రెండవ తెగకు చెందినది. మీరు చూడబోవు జంతువు ఏ తెగదో ముందుగా తెలిసికొన్నచో సగము పని అయినట్లే. ఏలయన, వెదకవలసిన చోటును, నిలువవలసిన దూరమును దానినిబట్టియే నిర్ణయమగును.

వైల్డ్‌బీస్ట్ సంగతి ముందు చెప్పి ముగించెదను, అది సులభము గనుక. టాంజానియా దేశములో సెరెంగెటీ దక్షిణపు పచ్చిక బయళ్లలో ఏటేటా జనవరి, మార్చి నెలల నడుమ, విశేషించి ఫిబ్రవరిలో, లక్షల కొలది దూడలు పుట్టును. అందు చాల భాగము రెండు మూడు వారములలోనే పుట్టుట విశేషము. సింహములు, హైనాలు ఎన్ని ఉన్నను వాని ఆకలికి ఒక హద్దు గలదు. అన్ని దూడలు ఒక్కమారుగా నేలమీద పడినచో అవి తినగలిగినన్ని తినగా తక్కినవి మిగులును. పుట్టిన దూడ కొద్ది నిమిషములలో లేచి నిలిచి, ఆ దినముననే మందతో పరుగెత్తగలదు. జీపు ఒకచోట ఆపి కూర్చున్నచో చిత్రములు వానియంతట అవియే వచ్చును. జాగ్రత్తపడవలసినది ఒక్కటి. మందలో తల్లినుండి తప్పిపోయిన దూడ కదలు దానినెల్ల తల్లియని భ్రమించి వెంటపడును. జీపు వెంట కూడ పరుగెత్తును. మందను చీల్చుకొని జీపు నడిపించిన డ్రైవరు ఒక దూడను తల్లినుండి వేరుచేసి, దానిని తన చక్రముల వెంట కొనిపోవచ్చును. దాని గతి ఏమగునో చెప్పనక్కరలేదు.

దాగు పిల్లల విషయము ఇంత సులభము కాదు. విశాఖపట్టణపు అంచుననే ఉన్న కంబాలకొండ అడవి 2002లో వన్యప్రాణి అభయారణ్యముగా ప్రకటింపబడినది. విస్తీర్ణము సుమారు 70 చదరపు కిలోమీటర్లు. ఒకప్పుడు విజయనగర సంస్థానపు ఏలుబడిలో ఉండిన అడవి ఇది. చుక్కల దుప్పులు, కణుజులు, అడవిపందులు, నక్కలు, ముళ్లపందులు, చిరుతపులులు ఇందు గలవు. ఇంత పెద్ద నగరమునకు ఇంత చేరువలో చిరుతపులి సంచరించు అడవి ఉండుట మన అదృష్టమని నేను అనుకొందును. ఆ మాటకు తలయూపనివారు కూడ ఉందురు.

దుప్పి ఈనునప్పుడు మందనుండి కొంత ఎడముగా పోవును. పిల్లను నాకి శుభ్రము చేయును. మావిని తినివేయును. పిల్ల మలమూత్రములను సైతము నాకివేయును. ఇదంతయు వాసన పోగొట్టుటకే. అటుపిమ్మట పిల్లను గడ్డిలోనో, పొదక్రిందనో పరుండబెట్టి తాను దూరముగా పోవును. దినమునకు కొన్నిమార్లు మాత్రమే వచ్చి పాలిచ్చి మరల పోవును. పిల్ల ఒంటిమీది తెల్లని చుక్కలు ఆకుల సందులనుండి పడు ఎండ చుక్కలతో కలసిపోవును. అపాయము సమీపించినప్పుడు అది పరుగెత్తదు, మెడ చాచి నేలకు కరచుకొని పడియుండును. మీరు దానిపై అడుగు వేయునంత వరకును కదలదు.

ఇందునుండి రెండు విషయములు తేలుచున్నవి. ఒకటి: గడ్డిలో ఒంటరిగా పడియున్న దుప్పి పిల్ల అనాథ కాదు. తల్లి ఎచటనో నిలిచి మిమ్ము చూచుచున్నది, మీరు పోవు క్షణము కొరకు వేచియున్నది. పాపమని జాలిపడి దానిని ఎత్తుకొని వచ్చువారు దానిని తల్లినుండి అపహరించుచున్నారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ననుసరించి అది నేరము కూడ. రెండవది: పిల్లను వెదకరాదు, తల్లిని చూడవలెను. ఆడదుప్పి మేయుచు మేయుచు ఒకే దిక్కునకు మాటిమాటికి తల త్రిప్పుచున్నదా? పొదుగు నిండి ఉన్నదా? మంద ముందుకు సాగినను తాను వెనుకబడుచున్నదా? అట్లయినచో పిల్ల సమీపముననే ఉన్నది. అప్పుడు చేయవలసినది ముందుకు నడచుట కాదు, ఉన్నచోటనే కూర్చుండుట. తల్లి చెవులు మీవైపు నిగిడినచో మీరు కనబడితిరని అర్థము. ముంగాలితో నేలను తట్టి, తోక పైకెత్తి, గట్టిగా కూత వేసినచో మీరు హద్దు దాటితిరని అర్థము. ఆ కూత అడవిలోని తక్కిన జంతువులకు కూడ వినబడును. చిరుతపులి కూడ వినును.

అభయారణ్యములో ఛాయాచిత్రములు తీయుటకు అటవీశాఖవారి అనుమతి అవసరము. రాత్రులందు తిరుగు చిరుతపులి కూనలను, ముళ్లపంది పిల్లలను నడచిపోయి చిత్రించుట ఎట్లును సాధ్యము కాదు. అందుకు ఇప్పుడు చెట్లకు కట్టిన స్వయంచాలిత కెమెరాలు ఉన్నవి. జంతువు ఎదుటికి రాగానే అవి తమంతట తామే చిత్రమును తీయును. ఈ ఉపాయము క్రొత్తదని అనుకొనరాదు. ఉత్తర భారతమున అటవీ అధికారిగా ఉండిన ఎఫ్. డబ్ల్యు. ఛాంపియన్ అను ఆంగ్లేయుడు దారికడ్డముగా సన్నని తీగ కట్టి, పులి కాలు తగులగానే కెమెరా పనిచేయునట్లు అమర్చి తీసిన చిత్రములతో 1927లోనే ఒక గ్రంథమును ప్రచురించెను. తుపాకి పట్టుటయే గొప్పగా ఎంచబడిన ఆ దినములలో అతడు కెమెరా పట్టెను.

కన్నును, చేతిని అభ్యాసపరచుకొనుటకు మాత్రము 1977లో నెలకొల్పబడిన ఇందిరాగాంధి జంతు ప్రదర్శనశాల మంచి చోటు. సిగ్గుపడవలసిన పని లేదు. అచటి దుప్పి పిల్లలు మనుష్యులకు అలవాటుపడినవి. పిల్ల కంటి యెత్తునకు కెమెరాను దించుట అచట నేర్వవచ్చును. నిలుచుండి పైనుండి తీసిన కూన చిత్రము ఎల్లప్పుడును బొమ్మవలె కనబడును, మోకాళ్లమీద కూర్చుండి తీసినది ప్రాణివలె కనబడును. దృష్టి కంటిమీద నిలుపవలెను, కంటిలో వెలుగుచుక్క ఒకటి పడవలెను. నిలిచియున్న పిల్లకు సెకనులో 250వ వంతు కాలము చాలవచ్చును. ఉరుకులాడు పిల్లకు 1000వ వంతు కావలెను. తల్లి కాలో, కడుపో చిత్రములో కొంత పడనిచ్చినచో పిల్ల చిన్నతనము చూపరులకు వెంటనే తెలియును. కారు కిటికీమీద ఆన్చుకొనుటకు వెలగల పరికరములు ఏమియు అక్కరలేదు. శేరు పెసలు పోసి కుట్టిన గుడ్డసంచి ఒకటి ఉన్నచో 400 మిల్లీమీటర్ల లెన్సు కూడ కదలక నిలుచును.

ఇక లెక్కల మాట. చీతా మన ప్రాంతమునకు పూర్తిగా అపరిచితమైన జంతువు కాదు. విజయనగరము రాజావారు వేటకై చీతాను పెంచిరి. 1880లో విశాఖపట్టణమున గవర్నరు ఏజెంటుగా ఉండిన ఓ. బి. ఇర్విన్ ఆ చీతా దాడిలో గాయపడి మరణించినట్లు చరిత్రలో ఉన్నది. చీతా మనుష్యుని చంపిన ఉదంతములు అత్యల్పము గనుక ఇది చరిత్రకారులకు గుర్తుండిపోయినది. 1952 నాటికి చీతా మన దేశమునుండి అంతరించినదని ప్రకటించిరి. 2022 సెప్టెంబరులో నమీబియానుండి ఎనిమిదింటిని తెచ్చి మధ్యప్రదేశ్‌లోని కూనో వనములో విడిచిరి. 2023 మార్చిలో అచట నాలుగు కూనలు పుట్టినవి. ఆ వేసవి ఎండలలోనే అందు మూడు మరణించినవి.

చీతా కూన బ్రతుకు ఇట్టిదే. తల్లి ఒంటరిగా పెంచవలెను. వేటకు పోయినప్పుడు కూనలకు కాపు ఎవరును ఉండరు. సెరెంగెటీలో 1990 ప్రాంతమున జరిగిన పరిశోధనలో, పుట్టిన నూరు కూనలలో స్వతంత్రముగా బ్రతుకు వయస్సు వరకు మిగిలినవి ఐదు మాత్రమే అని తేలెను. ఎక్కువ భాగము సింహముల పాలయినవి. ఇది ప్రకృతిలో సహజముగా జరుగునది. కెన్యాలోని మసాయి మారా ప్రాంతమున జరిగినది అట్టిది కాదు. 2018లో ఫెమ్కె బ్రూఖౌస్ అను శాస్త్రజ్ఞురాలు ప్రకటించిన ఫలితములను చూడుడు. యాత్రికుల వాహనములు తక్కువగా తిరుగు చోట్ల ఒక్కొక్క తల్లి చీతా సగటున రెండింటికి పైగా కూనలను పెంచి పెద్దచేసినది. వాహనములు మూగు చోట్ల ఆ సగటు 0.2 మాత్రమే. అనగా ఐదుగురు తల్లులకు కలిపి ఒక కూన మిగిలినది. రెండు చోట్లను సింహములు ఉన్నవి, హైనాలు ఉన్నవి. కాని ఒకచోట కెమెరాలు అధికముగా ఉన్నవి.

వాహనము చీతాను కరవదు గదా, ఎట్లు చంపును? పది జీపులు చుట్టుముట్టినచో చీతా వేటాడజాలదు. అది పగటివేళ, కంటిచూపుతో, మాటున పొంచి వేటాడు జంతువు. పొంచియున్నప్పుడు వెనుకనుండి ఇంజను మ్రోగినచో లేడి పారిపోవును. ఒకవేళ వేట దొరికినను, జీపుల గుంపును చూచి అచట ఏదో ఉన్నదని హైనాలు గ్రహించవచ్చును. తల్లికి కడుపు నిండనిచో పాలు తగ్గును. మూగిన వాహనములకు బెదరి తల్లి ఒకవైపు, కూనలు ఒకవైపు కావచ్చును. మారాలో ఒక జంతువు చుట్టు ఐదు వాహనములకు మించి ఉండరాదని నియమము గలదు. ఆ నియమము నిలుచుట డ్రైవరు చేతిలో లేదు, వెనుక కూర్చున్న యాత్రికుని చేతిలో ఉన్నది. "ఇంకను దగ్గరకు పోనిమ్ము" అని డబ్బు చూపువాడు యాత్రికుడే. కనుక మన ఊరినుండి పోవువారు ఆరవ వాహనముగా నిలువవలసి వచ్చినప్పుడు "వెనుకకు త్రిప్పుము" అనుటకు సిద్ధపడి పోవలెను. చిత్రము రాకపోయినచో పోనిండు.

ఈ మాట నేను ఇంత గట్టిగా చెప్పుటకు ఒక కారణము ఉన్నది. అది ఆఫ్రికాలో జరిగినది కాదు, ఉక్కునగరమునకు ఒక ప్రక్కనున్న ఖాళీ నేలలో జరిగినది. తీతువు పిట్ట మీకందరికిని తెలియును. రాత్రివేళ దాని కూత ఇంటిమీదుగా వినబడినచో కీడని మన పెద్దలు భయపడెడివారు. నిజమునకు ఆ పిట్ట నేలమీదనే, రాళ్ల నడుమ, గూడనదగినది ఏదియు లేకుండ నాలుగు గ్రుడ్లు పెట్టును. నక్కయో, కుక్కయో, మనుష్యుడో అటు వచ్చినప్పుడు కూతవేయుచు ఎగురును. దాని పిల్లలు పుట్టిన దినముననే నడచును. తల్లి కూత వినినంతనే ఉన్నచోటనే నేలకు అంటుకొని రాయివలె మారిపోవును.

ఒక ఏప్రిల్ నెల ఉదయమున తల్లి కూతనుబట్టి పిల్లలున్నవని తెలిసికొంటిని. అంతటితో ఆగవలసినది. నేను ఆగలేదు. అడుగులో అడుగు వేయుచు పోయి, నేలకు కరచుకొనియున్న ఒక పిల్లను కనుగొని, కెమెరా దానికి మూరెడు దూరమున ఉంచి చిత్రము తీసితిని. తల్లిదండ్రులు రెండును నా నెత్తిమీద తిరుగుచు అరచుచునే ఉన్నవి. పది నిమిషములు గడచినవి. నేను లేచి ఇరువది అడుగులు వెనుకకు పోయితినో లేదో, దీపస్తంభము మీదినుండి ఒక కాకి దిగివచ్చి, తిన్నగా ఆ చోటికే నడచిపోయి పిల్లను ఎత్తుకొనిపోయెను. అది అంతసేపును నన్ను చూచుచునే ఉన్నది. పిల్ల ఎచటనున్నదో కాకికి తెలియదు, నేను చూపితిని. ఆ చిత్రము ఇప్పటికిని నాయొద్ద ఉన్నది. సాంకేతికముగా దానిలో దోషమేమియు లేదు. దానిని నేను ఎవరికిని చూపలేదు.

మరుసటి యేడు అదే నేలలో వేరొక జంటను కారులోనుండి చూచితిని. ఆఫ్రికా సఫారీలో జీపు చేయు పనిని ఇచట మన కారు చేయును. రెండు కాళ్లమీద నడచివచ్చు ఆకారమునకు బెదరు పక్షులును, మృగములును ఆగియున్న కారును అంతగా లెక్కచేయవు. ఇంజను ఆపి, కిటికీమీద పెసల సంచి వేసి, అరువది అడుగుల దూరమున ఒక గంట కూర్చుంటిని. మొదటి ముప్పావుగంట ఏమియు జరుగలేదు. తరువాత తల్లి ఒకచోట నిలిచి మెల్లగా రెక్కలు వదులు చేసెను. రాళ్లలోనుండి మూడు పిల్లలు లేచి పరుగెత్తి దాని పొట్టక్రింద దూరినవి. తల్లి నిలిచియే ఉన్నది. పొట్టక్రింద ఎనిమిది కాళ్లు కనబడుచున్నవి. ఆ చిత్రమును చూచి నవ్వనివారు లేరు. కాకి కూడ ఆ దినమున ఉన్నది, కాని దానికి చూపుటకు నేను దిగలేదు.

శ్రీకాకుళము జిల్లాలోని తేలినీలాపురమునకు పోయినవారికి ఈ దూరము ప్రశ్నయే రాదు. అచట గూడబాతులు, రంగు కొంగలు ఊరి చెట్లమీద గూళ్లు కట్టి పిల్లలను పెంచును. తమకు అవి శుభకరములని నమ్మి గ్రామస్థులు వానిని కాపాడుచు వచ్చిరి. క్రింద నిలుచుండి పొడవైన లెన్సుతో తీసికొనవచ్చును. చప్పట్లు కొట్టి ఎగురగొట్టుట మాత్రము తగదు. తల్లి లేచినచో ఎండలో పిల్లలు సొమ్మసిల్లును, బెదరి గూటినుండి క్రింద పడును.

ఇక మన తీరమునకు వచ్చెదను. నా అభిప్రాయములో విశాఖ ఛాయాగ్రాహకునకు లభించు అత్యుత్తమమైన సఫారీ ఇదియే. దీనికి జీపు కూడ అక్కరలేదు. ఆలివ్ రిడ్లీ జాతి సముద్రపు తాబేళ్లు శీతకాలపు చివరను, వేసవి మొదటను రాత్రులందు మన ఇసుకమీదికి వచ్చి, వెనుక కాళ్లతో గొయ్యి త్రవ్వి, ఒక్కొక్కటి సుమారు నూరు గ్రుడ్లు పెట్టి, ఇసుక కప్పి, తిరిగి చూడక సముద్రమునకు పోవును. శ్రీకూర్మ క్షేత్రమున కూర్మనాథుని కొలుచు మనకు ఈ అతిథులు పరాయివారు కారు. ఒడిషాలోని గహిర్మఠ, ఋషికుల్య తీరములందు వేలు, లక్షలుగా ఒక్కమారు వచ్చును. వైల్డ్‌బీస్ట్ దూడల విషయమున చెప్పిన ఉపాయమే అది. శత్రువులు తినగలిగిన దానికంటె ఎక్కువ పిల్లలను ఒక్కమారుగా పుట్టించుట. మన విశాఖ తీరమునకు వచ్చునవి ఒంటరిగా, అక్కడొకటి ఇక్కడొకటిగా వచ్చును. గుంపు ఇచ్చు రక్షణ వానికి లేదు. కనుక ఇచట ఒక్కొక్క గూటి విలువ ఎక్కువ.

కుక్కలు, నక్కలు త్రవ్వి తినివేయకుండ అటవీశాఖవారును, స్వచ్ఛంద సేవకులును ఆ గ్రుడ్లను సేకరించి కంచె వేసిన సంరక్షణశాలలలో మరల పాతిపెట్టుదురు. ఈ పని పెట్టిన రాత్రియే, కొద్ది గంటలలోనే జరుగవలెను. ఆలస్యమైనచో లోపలి పిండము పెంకునకు అంటుకొనును. అప్పుడు గ్రుడ్డును దొర్లించినచో పిండము చచ్చును. గొయ్యి లోతు, ఇసుక తడి కూడ తల్లి త్రవ్విన దానివలెనే ఉండవలెను. ఇంకొక వింత: పిల్ల ఆడదో మగదో ఇసుక వేడి నిర్ణయించును. సుమారు 30 డిగ్రీలకు మించినచో ఆడపిల్లలు అధికమగును, తగ్గినచో మగవి అధికమగును. సుమారు ఏడు ఎనిమిది వారములకు పిల్లలు పెంకు పగులగొట్టుకొని బయటికి వచ్చును. కాని వెంటనే ఇసుకపైకి రావు. అన్నియు కలసి కాళ్లతో ఇసుకను త్రోసికొనుచు మెల్లమెల్లగా పైకి వచ్చి, పై ఇసుక వేడిగా ఉన్నంతసేపు దాని క్రిందనే ఆగియుండును. ఇసుక చల్లబడినచో రాత్రి అయినదని వానికి తెలియును. అప్పుడు అన్నియు ఒక్కమారుగా పొంగివచ్చును.

ఒక్కొక్కటి అరచేతిలో సగమైన లేదు. బరువు ఇరువది గ్రాములకు మించదు. ఎన్నడును చూడని సముద్రము ఎటున్నదో దానికి ఎవరు చెప్పుదురు? వెలుగు చెప్పును. చీకటి రాత్రియందు కూడ, నక్షత్రకాంతి పడిన నీటిమీద ఆకాశపు అంచు నేలవైపుకంటె కొంచెము తెల్లగా ఉండును. వెనుక చెట్లు, ఇసుకదిబ్బలు నల్లగా ఉండును. నలుపును విడిచి తెలుపునకు పోవుట, ఇదియే ఆ పిల్లకు తెలిసిన మార్గము. కోట్ల సంవత్సరములు ఈ సూత్రము తప్పలేదు. ఇప్పుడు రామకృష్ణా బీచినుండి ఋషికొండమీదుగా భీమునిపట్టణము వరకు తీరము వెంట రహదారి ఉన్నది, దాని వెంట దీపములు ఉన్నవి. తెలుపు నేలవైపు ఉన్నది. పిల్లలు సముద్రమునకు వీపు త్రిప్పి రహదారివైపు ప్రాకును. అచట చక్రముల క్రింద పడనివి తెల్లవారిన తరువాత ఎండకు మాడును, లేదా కాకులకు దక్కును.

ఛాయాగ్రాహకుని చేతిలోని ఫ్లాష్, సెల్ ఫోను దీపము, టార్చి - ఇవన్నియు ఆ పిల్ల కంటికి సముద్రములే. సంరక్షణశాల పిల్లలను విడుచునప్పుడు ఎవరైన ఒకరు ఫోను దీపము వెలిగించినచో ఎట్లుండునో చూడవలెను. నీటివైపు సాగుచున్న పిల్లలలో కొన్ని ఆగి, మెడ త్రిప్పి, ఆ మనుష్యుని పాదములవైపు నడచివచ్చును. చుట్టునున్నవారు అవి తమయొద్దకు వచ్చినవని సంతోషింతురు. ఆ పిల్లలకు గ్రుడ్డులోని పచ్చసొనయే దారిబత్తెము. తీరము దాటిన తరువాత దాదాపు ఒక దినము ఆగకుండ ఈదవలసిన బలము అందులోనుండియే రావలెను. తప్పుదారిన నడచిన ప్రతి గజమును ఆ బలమునుండి తీసివేయబడును. వేయింటిలో ఒకటి మాత్రమే పెద్దదగునని సాధారణముగా చెప్పుచుందురు.

మరి వెలుగు లేక చిత్రము ఎట్లు? తూర్పు తీరము మనకు ఇచ్చిన వరము ఇచట పనికివచ్చును. పిల్లలు పోవు దిక్కుననే సూర్యుడు ఉదయించును. చీకటి విడిచి, సూర్యుడు ఇంకను పైకి రాని ఆ పావుగంట కాలమున ఆకాశమే దీపము. కెమెరా సున్నితత్వమును పెంచి, నేలమీద బోర్లపడుకొని, లెన్సును ఇసుకకు రెండంగుళముల ఎత్తున ఉంచవలెను. వెనుకనుండి తీసినచో పిల్ల నల్లని నీడయై, దాని ముందు వెండివలె మెరయు తడి ఇసుక పడును. ప్రక్కనుండి తీసినచో వీపు గీతలు, ఇసుక అంటిన కన్ను కూడ తెలియును. ఎదుటినుండి తీయవలెనని ఆశపడి నీటి అంచున నిలుచువారు ఉందురు. వారు ఒక్క పిల్లను చూచుచుండగా పది పిల్లలు వారి కాళ్లచుట్టు ఉండును. నేను ఎదుటి చిత్రమును విడిచిపెట్టితిని.

అంతకంటె ఎవరును తలంపనిది అడుగుజాడల విషయము. మన పాదము మెత్తని ఇసుకలో చేయు గుంట మనకు లెక్కలోనిది కాదు. అంగుళమున్నర పొడవు గల పిల్లకు అది బావి. అందులో పడి, ఎక్కజాలక, మరల మరల జారుచు ఎంతసేపైన గడపును. కనుక పిల్లలు పోవు దారిని ముందుగా చదునుచేసి, ఆ పట్టీని ఎవరును త్రొక్కకుండ విడిచిపెట్టుట సంరక్షకుల పద్ధతి. మనము ఆ పట్టీకి ప్రక్కన, ఒకేచోట, మొదటినుండి చివరివరకు ఉండవలెను. మంచి చోటుకై మాటిమాటికి లేచి తిరుగరాదు.

మన తీరమున ఈ పిల్లలు వెలువడునది ఎక్కువగా మార్చి, ఏప్రిల్, మే నెలలలో. విడుచు దినములలో కొన్నిమార్లు ప్రజలను కూడ రానిచ్చుట కలదు. స్థానిక అటవీ కార్యాలయమున ముందుగా విచారించి పోవలెను. తెల్లవారుజామున నాలుగున్నర గంటలకు ఇసుకమీద ఉన్నచో కంటికి చీకటి అలవాటుపడుటకు సమయము చిక్కును. టార్చి ఇంటియొద్దనే విడిచి రావచ్చును. పిల్లల గుంపు నీటిలో దిగిన తరువాత అందరును లేచి ఇంటికి పోవుదురు. ఆ సమయముననే వెనుకబడినది ఒకటి, గుంట తప్పించుకొని, ఒంటరిగా ప్రాకుచు వచ్చును. అప్పటికి వెలుగు కూడ బాగుగా వచ్చియుండును. కాకులు కూడ వచ్చియుండును. ఆ పిల్ల అలలో కలసిపోవు వరకు ఆగువారు ప్రతి మారును ఇద్దరు ముగ్గురు మాత్రమే ఉందురు.